సుదూర క్వాసార్ల వేట: 14 ఎర్రచుక్కలు, వాటిలో నిజమైనవి ఎన్ని?

#1 రేచుక్క

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా రాత్రిళ్లు కూర్చుని చేస్తున్న పని ఒకటి మీ ముందు పెడుతున్నాను. తెలిసినవాళ్లు తప్పులు పట్టండి, మొహమాటం వద్దు.

స్లోన్ డిజిటల్ స్కై సర్వే పట్టికను ఎవరైనా వాడుకోవచ్చు. న్యూ మెక్సికోలో అపాచీ పాయింట్ దగ్గరున్న 2.5 మీటర్ల టెలిస్కోపుతో చేసిన సర్వే అది. ప్రతి చుక్కకీ యు, జి, ఆర్, ఐ, జెడ్ అనే ఐదు ఫిల్టర్లలో ప్రకాశం ఎంతో రాసి ఉంటుంది. యు అతినీలలోహితం వైపు, జెడ్ కంటికి ఆనని పరారుణం అంచున. విశ్వం పుట్టిన తొలి వంద కోట్ల ఏళ్లలో వెలిగిన క్వాసార్లు, అంటే వాయువును మింగుతున్న భారీ కృష్ణబిలాల వెలుగులు, ఈ జెడ్‌లో మాత్రమే గట్టిగా కనిపించి, మిగతా నాలుగింటిలో దాదాపు మాయమవుతాయి.

నేను పెట్టిన షరతులు ఇవి. వస్తువు చుక్కలా ఉండాలి, గెలాక్సీలా పరుచుకుని ఉండకూడదు. మాగ్నిట్యూడ్ అంటే ప్రకాశం కొలత, అంకె పెరిగేకొద్దీ వస్తువు మసక. ఐ మాగ్నిట్యూడ్‌లోంచి జెడ్ మాగ్నిట్యూడ్ తీసేస్తే 2.2 దాటాలి. అంటే జెడ్‌లో ఉన్న వెలుగులో ఏడో వంతు కూడా ఐలో ఉండకూడదు. జెడ్ మాగ్నిట్యూడ్ 20.2 లోపు ఉండాలి. ఆకాశంలో ఒక పట్టీ తీసుకుని వెతికితే మొదట వేలల్లో వచ్చాయి. కొలత సరిగా లేనివి తీసేసి, మిగిలిన ఒక్కొక్క బొమ్మనీ కంటితో చూశాక 14 మిగిలాయి.

ఈ 14లో నిజమైనవి ఎన్ని ఉండొచ్చు? ఇంకా ఏం పరీక్షించాలి?

#2 సింధు_12

అన్నా, నాకు మొదటి మెట్టు దగ్గరే అనుమానం. ఎర్రగా ఉంటే దూరంగా ఉన్నట్టు ఎలా అవుతుంది? ఎర్రటి నక్షత్రాలు మన పక్కనే చాలా ఉన్నాయి కదా. ఇంకొకటి, ఫిల్టర్ పేరూ జెడ్, రెడ్‌షిఫ్ట్ గుర్తూ జెడ్. చదువుతుంటే తికమకగా ఉంది.

#3 లెక్కల_మాస్టారు

సింధూ, ఆ తికమక చాలామందికి ఉన్నదే. ఈ చర్చలో జెడ్ అంటే ఫిల్టర్ అనే అనుకుందాం, రెండోదాన్ని రెడ్‌షిఫ్ట్ అని పూర్తిగా రాద్దాం.

ఇక నీ మొదటి ప్రశ్న. గెలాక్సీ నడిబొడ్డున ఉన్న భారీ కృష్ణబిలంలోకి వాయువు సుడి తిరుగుతూ పడేటప్పుడు ఆ సుడి వేడెక్కి, చుట్టూ ఉన్న నక్షత్రాలన్నిటినీ మించి వెలుగుతుంది. అదే క్వాసార్. ఎంత దూరంలో ఉన్నా మనకు నక్షత్రంలాంటి చుక్కే. అందుకే మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. 1962లో త్రీ సీ 273 అనే రేడియో మూలాన్ని చంద్రుడు అడ్డుగా వచ్చి కప్పిన సమయం చూసి, ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో సిరిల్ హజార్డ్ బృందం దాని చోటును కచ్చితంగా పట్టుకుంది. మరుసటి ఏడాది మార్టెన్ ష్మిట్ పాలోమార్‌లోని 200 అంగుళాల టెలిస్కోపుతో తీసిన వర్ణపటం ముందు కూర్చున్నాడు. అందులో ఏ మూలకానికీ చెందనట్టు కనిపించిన గీతలు మామూలు హైడ్రోజన్ గీతలేనని, అవన్నీ 16 శాతం ఎరుపు వైపు జరిగాయని గుర్తించాడు. రెడ్‌షిఫ్ట్ 0.158. ఆ వెలుగు బయల్దేరి సుమారు 200 కోట్ల ఏళ్లు.

రెడ్‌షిఫ్ట్ అంటే వెలుగు దారిలో ఉండగా విశ్వం ఎంత సాగిందో చెప్పే లెక్క. దానికి ఒకటి కలిపితే తరంగదైర్ఘ్యం ఎన్ని రెట్లు సాగిందో వస్తుంది. హైడ్రోజన్‌కి లైమన్ ఆల్ఫా అనే గీత 121.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, పూర్తిగా అతినీలలోహితం. రెడ్‌షిఫ్ట్ 6 అయితే ఏడు రెట్లు సాగి 851 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. క్వాసార్ ఆ గీతకు నీలం వైపు కూడా వెలుగు చిమ్ముతుంది గానీ, దారిలో ఉన్న హైడ్రోజన్ దాన్ని మింగేస్తుంది. కాబట్టి 851కి ఒక పక్క వెలుగు, మరో పక్క చీకటి. మధ్యలో నిట్టనిలువు గోడ. రేచుక్క వెతుకుతున్నది ఉత్త ఎరుపును కాదు, ఆ గోడను.

#4 సందేహి

మాస్టారు చెప్పింది సరే. కానీ రేచుక్క గారూ, ఆశ మరీ పెంచుకోకండి. స్లోన్ సర్వే వాళ్లు 11 వేల పైచిలుకు చదరపు డిగ్రీల ఆకాశాన్ని జల్లెడ పట్టి, చివరికి రెడ్‌షిఫ్ట్ 5.7 దాటిన క్వాసార్లు 52 అని 2016లో తేల్చారు. అందులోనూ మీ షరతుకు అందనంత మసకవి చాలా ఉన్నాయి. రెండు వందల చదరపు డిగ్రీలకు ఒకటి పడితే గొప్ప. మీ పట్టీ ఎంత పెద్దదో చెప్పలేదు. 14 అనే అంకె చూడగానే నాకు బ్రౌన్ డ్వార్ఫ్‌లే గుర్తొచ్చాయి. నక్షత్రం కావడానికి చాలినంత బరువు లేక చల్లబడిపోతున్న ఆ గోళాలు కూడా ఐలో మసకగా, జెడ్‌లో వెలుగ్గా ఉంటాయి. మనకు దగ్గర్లో, అన్ని దిక్కులా ఉన్నాయి. సుదూర క్వాసార్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

#5 అరుంధతి

చాలాకాలం తర్వాత ఇక్కడ రాస్తున్నాను. ఈ వేటలో నేను కొన్నేళ్లు పనిచేశాను, అందుకే ఆగలేకపోయాను.

రేచుక్క గారూ, మీ షరతులు చక్కగా ఉన్నాయి. స్లోన్‌లో షావ్‌హుయ్ ఫాన్ బృందం 2000, 2001లలో పెట్టుకున్న హద్దులు దాదాపు ఇవే. అయితే వాళ్లకి ఇంకో షరతు ఉంది, మీకు లేదు. దాని సంగతి తర్వాత. ముందు కాస్మిక్ కిరణాలను ఏరెయ్యండి.

స్లోన్ కెమెరా ఆకాశాన్ని పారనిచ్చి ఫొటో తీస్తుంది. ఒక్కో చుక్క ముందు ఆర్ ఫిల్టర్ మీదుగా, తర్వాత ఐ, యు, జెడ్, జి మీదుగా వెళ్తుంది. ఒక్కో ఫిల్టర్‌లో ఉండేది 54 సెకన్లు. ఆ 54 సెకన్లలో అంతరిక్షం నుంచి ఒక కణం వచ్చి జెడ్ చిప్‌ను తాకితే, జెడ్‌లో చుక్క పడుతుంది, మిగతా నాలుగింటిలో ఏమీ ఉండదు. సరిగ్గా క్వాసార్ వేషం. మీ షరతులు దాన్ని చేతులు చాచి ఆహ్వానిస్తాయి. తేడా ఒక్కటే. నక్షత్రం వెలుగు గాలిలో వణికి, పక్కనున్న చుక్కలన్నిటితో సమానంగా వ్యాపిస్తుంది. కాస్మిక్ కిరణం మచ్చ అంతకన్నా పదునుగా, ఒకటి రెండు పిక్సెళ్లలోనే ఉంటుంది. ఒక్కోసారి గీతలా సాగుతుంది. జెడ్ బొమ్మను బాగా పెద్దది చేసి, పక్కనున్న మామూలు నక్షత్రంతో పోల్చి చూడండి. అదే చోట రెండోసారి తీసిన ఫొటో ఉంటే ఇంకా తేలిక.

#6 రేచుక్క

అరుంధతి గారూ, ఈ వివరం నాకు ఏ వ్యాసంలోనూ ఇంత స్పష్టంగా దొరకలేదు. ఈ రాత్రే మొదలుపెడతాను. సందేహి గారూ, నా పట్టీ మూడు వందల చదరపు డిగ్రీల లోపే. మీ లెక్క ప్రకారం ఒకటి దొరికినా అదృష్టమే.

#7 పాలపుంత

ఈలోగా ఒక మాట. స్లోన్ రెడ్‌షిఫ్ట్ 6.4 దగ్గర ఎందుకు ఆగిపోయిందో సింధు లాంటివాళ్లకి తెలియాలి. మాస్టారి లెక్కే కొనసాగిస్తే, రెడ్‌షిఫ్ట్ 6.4 అంటే గోడ 900 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఏడున్నర అంటే 1,034. కెమెరా చిప్ సిలికాన్‌తో చేసింది. వెయ్యి నానోమీటర్లు దాటుతుంటే సిలికాన్ గుడ్డిదైపోతుంది, ఆ వెలుగుకి దానిలో ఎలక్ట్రాన్‌ని కదిలించే శక్తి చాలదు. అంటే అంతకన్నా దూరపు క్వాసార్ ఎంత ప్రకాశంగా ఉన్నా ఆ కెమెరాకి లేనట్టే లెక్క.

అందుకే పరారుణ డిటెక్టర్లతో ఆకాశాన్ని సర్వే చేసేదాకా ఆగాల్సి వచ్చింది. హవాయిలోని యూకేఐఆర్‌టీ టెలిస్కోపు సర్వేలోంచి డేనియల్ మార్ట్‌లాక్ బృందం 2011లో రెడ్‌షిఫ్ట్ 7.085 క్వాసార్‌ని తీసింది. ఏడు దాటిన మొదటిది అదే, కృష్ణబిలం బరువు సుమారు 200 కోట్ల సూర్యులు. 2017 డిసెంబరులో ఎడ్వర్డో బన్యాడోస్ బృందం చిలీలోని మాగెల్లాన్ టెలిస్కోపుతో 7.54 ప్రకటించింది. 2020లో 7.515 దగ్గర ఒకటి దొరికితే దానికి హవాయి భాషలో పోనీయువాయేనా అని పేరు పెట్టారు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది, ఈ వస్తువులకి మామూలుగా ఫోన్ నంబర్ల లాంటి పేర్లే కదా. 2021లో 7.642. ఏడున్నర దాటి, అంత వెలుగుతో ఉన్నవి అప్పటికి మూడే మూడు.

#8 సింధు_12

7.642 అంటే ఎంత దూరం? ఒకచోట 1,300 కోట్ల కాంతి సంవత్సరాలు అని ఉంది, ఇంకోచోట 2,900 కోట్లు అని ఉంది. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లయితే 2,900 కోట్లు ఎలా?

#9 పాలపుంత

1,300 కోట్లే సరైనది. రెండోది ఎవరో అచ్చుతప్పు చేసుంటారు.

#10 లెక్కల_మాస్టారు

కాదు పాలపుంత గారూ, రెండూ సరైనవే. వెలుగు ప్రయాణించిన కాలం సుమారు 1,310 కోట్ల ఏళ్లు. అయితే ఆ వెలుగు నడుస్తున్నంతసేపూ దాని వెనకా ముందూ ఉన్న చోటు సాగుతూనే ఉంది. ఈ క్షణాన విశ్వాన్ని ఆపేసి టేపు పెట్టి కొలిస్తే, ఆ క్వాసార్ ఉన్న చోటు మనకు 2,900 కోట్ల కాంతి సంవత్సరాల అవతల తేలుతుంది. ఒకటి వెలుగు గడియారం చెప్పేది, రెండోది టేపు చెప్పేది.

నా మట్టుకు నేను విద్యార్థులకి దూరం చెప్పను, వయసు చెబుతాను. అది వెలిగేనాటికి విశ్వం వయసు 67 కోట్ల ఏళ్లు. ఇందులో ఏ గందరగోళమూ లేదు.

#11 పాలపుంత

మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. తొందరపడి రాశాను. సింధూ, నా జవాబు వదిలెయ్యి.

#12 సందేహి

ఇక్కడ నాకు నిజంగా మింగుడుపడనిది ఒకటుంది. ఆ 7.642 క్వాసార్ నాటికి విశ్వం వయసు 67 కోట్ల ఏళ్లు, దాని కృష్ణబిలం బరువు 160 కోట్ల సూర్యులు అంటున్నారు. ఆ బరువు ఎవరు తూచారు? మనం చూసేది ఒక చుక్క. దాని చుట్టూ తిరిగే నక్షత్రాలను చూడలేం. ఈ అంకెను అందరూ ఎంత నమ్మకంగా రాస్తున్నారో చూస్తే నాకు భయమేస్తుంది.

#13 అరుంధతి

అడగాల్సిన ప్రశ్నే. చుట్టూ తిరిగే నక్షత్రాలు కనిపించవు, కానీ చుట్టూ తిరిగే వాయువు వెలుగు కనిపిస్తుంది. మెగ్నీషియం గీత ఒకటి 280 నానోమీటర్ల దగ్గర పుట్టి, ఈ రెడ్‌షిఫ్ట్‌లో 2.4 మైక్రాన్ల (2,400 నానోమీటర్ల) దగ్గర మనకు చేరుతుంది. వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, మన వైపు వచ్చే భాగం నీలంగా, దూరం వెళ్లే భాగం ఎర్రగా జరిగి ఆ గీత వెడల్పవుతుంది. వెడల్పు వేగాన్ని చెబుతుంది. క్వాసార్ ఎంత వెలుగుతోందో దాన్నిబట్టి ఆ వాయువు ఎంత దూరంలో తిరుగుతోందో అంచనా వస్తుంది. వేగమూ దూరమూ తెలిస్తే బరువు వస్తుంది.

ఆ రెండో అంచనా దగ్గరి క్వాసార్ల మీద నేర్చుకున్న సూత్రం, దూరపువాటికి అతికిస్తున్నాం. కాబట్టి ఒక్కో బరువులో రెండు మూడు రెట్ల తేడా ఉండొచ్చు. మీ భయానికి కారణం ఉంది. కానీ మూడు రెట్లు తగ్గించినా యాభై కోట్ల సూర్యులు మిగులుతాయి, చిక్కు అలాగే ఉంటుంది. పైగా 2015లో ప్రకటించిన ఇంకోటి ఉంది, రెడ్‌షిఫ్ట్ 6.3 దగ్గర 1,200 కోట్ల సూర్యుల బరువు. దాన్ని మొదట పట్టింది చైనాలోని లీజియాంగ్‌లో ఉన్న 2.4 మీటర్ల చిన్న టెలిస్కోపు. పెద్ద అద్దం ఉంటేనే ఈ పని అవుతుందనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ అది చెబుతాను.

#14 లెక్కల_మాస్టారు

ఆ చిక్కు ఎంత గట్టిదో కాగితం మీద చూడొచ్చు. సింధూ, పెన్ను తీసుకో.

కృష్ణబిలం తన ఇష్టం వచ్చినంత వేగంగా తినలేదు. పడే వాయువు వెలుగవుతుంది, ఆ వెలుగు పైనున్న వాయువును వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడూ గురుత్వాకర్షణా సమానమయ్యే హద్దుని ఎడింగ్టన్ హద్దు అంటారు. పడిన దానిలో పదోవంతు వెలుగుగా పోతుందనుకుంటే, ఆ హద్దు మీద నిరంతరాయంగా తింటున్న కృష్ణబిలం బరువు సుమారు 3.5 కోట్ల ఏళ్లకోసారి రెట్టింపవుతుంది.

ఇప్పుడు తొలి తరం నక్షత్రం ఒకటి చచ్చి 100 సూర్యుల కృష్ణబిలాన్ని మిగిల్చిందనుకో. అది 160 కోట్లకి చేరాలంటే 1.6 కోట్ల రెట్లు పెరగాలి, అంటే 24 సార్లు రెట్టింపవ్వాలి. 24ని 3.5తో గుణిస్తే 84 కోట్ల ఏళ్లు. విశ్వం వయసే 67 కోట్లు! అందులోనూ ఆ మొదటి నక్షత్రం పుట్టడానికే పది కోట్ల ఏళ్లకు పైగా పట్టి ఉంటుంది.

అదే విత్తనం, అంటే మొదట పుట్టిన కృష్ణబిలం, లక్ష సూర్యుల బరువుతో మొదలైతే 14 రెట్టింపులు చాలు. 49 కోట్ల ఏళ్లు. అప్పుడు సరిపోతుంది, అదీ ఒక్క పూటైనా పస్తు లేకుండా తింటేనే.

#15 సింధు_12

నేనూ వేశాను మాస్టారూ, 23.9 వచ్చింది. ఒక అంకె మారిస్తే మొత్తం కథ మారిపోతోంది. లక్ష సూర్యుల విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుంది మరి?

#16 సందేహి

అసలు విత్తనం పెద్దదే అవ్వాలని ఏముంది? పదోవంతు వెలుగుగా పోతుందన్నది ఊహే కదా. తక్కువ పోతే రెట్టింపయ్యే కాలమూ తగ్గుతుంది. హద్దు కూడా గోళంలా అన్ని దిక్కుల నుంచీ పడుతున్నప్పటి మాట. పళ్లెంలా పడితే వెలుగు పై నుంచీ కింది నుంచీ తప్పించుకుంటుంది, పక్కల నుంచి హద్దు మించి తినొచ్చు. కొద్దికాలం అలా తిన్నా చాలు, 100 సూర్యుల విత్తనమే సరిపోతుంది.

#17 అరుంధతి

ఆ వాదాన్ని కాదనే ఆధారం ఇప్పటికి లేదు. నేను మాత్రం పెద్ద విత్తనం వైపే మొగ్గుతాను. తొలి రోజుల వాయువులో హైడ్రోజన్, హీలియం తప్ప చెప్పుకోదగ్గవి లేవు. పక్క గెలాక్సీ నుంచి వచ్చే అతినీలలోహిత వెలుగు హైడ్రోజన్ అణువుల్ని పగలగొడుతుంటే, ఆ మేఘం చల్లబడలేదు, ముక్కలై చిన్న నక్షత్రాలు కాలేదు. మొత్తం ఒకే ముద్దగా కూలిపోతే పదివేలో లక్షో సూర్యుల కృష్ణబిలం నేరుగా పుట్టొచ్చు.

నా మొగ్గుకి కారణం 2023లో వెలుగులోకి వచ్చిన యూహెచ్‌జెడ్1 అనే గెలాక్సీ. ఆబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు కటకంలా పనిచేసి దాని వెలుగును పెద్దది చేసింది. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు గెలాక్సీని చూసింది, చంద్ర అనే ఎక్స్ కిరణాల అంతరిక్ష టెలిస్కోపు దాని ఎక్స్ కిరణాలను పట్టింది. రెడ్‌షిఫ్ట్ 10.1, విశ్వం వయసు 47 కోట్ల ఏళ్లు. అక్కడ కృష్ణబిలం బరువు దాని గెలాక్సీ నక్షత్రాలన్నిటి బరువుతో పోల్చదగినంత ఉంది. మన చుట్టూ ఉన్న గెలాక్సీలలో కృష్ణబిలం మామూలుగా వెయ్యో వంతు చుట్టుపక్కల ఉంటుంది. చిన్న విత్తనం నుంచి పెరిగితే గెలాక్సీ ముందూ కృష్ణబిలం వెనకా పెరగాలి. ఇక్కడ తిరగబడింది.

#18 సందేహి

ఒక్క వస్తువు మీద అంత బరువు పెట్టకూడదనేదే నా మాట. మనం బాగా వెలిగేవాటినే చూడగలం, కాబట్టి మనకు దొరికేవన్నీ వింత వస్తువులే అవుతాయి. మామూలువి ఎలా ఉన్నాయో తెలియకుండా ఏం తేల్చగలం?

#19 అరుంధతి

ఆ లోటు కొంత పూడ్చింది సుబారు టెలిస్కోపు. హైపర్ సుప్రీమ్ కామ్ కెమెరాతో యోషికి మత్సువోకా బృందం స్లోన్‌వాటి కన్నా ఎంతో మసక క్వాసార్లను వందకు పైగా తీసింది. అవి మసకవి కావడం ఇంకోరకంగా కలిసొచ్చింది. క్వాసార్ వెలుగు మరీ ఎక్కువైతే దాని గెలాక్సీ ఆ జిగేలులో కలిసిపోతుంది. 2023లో జేమ్స్ వెబ్ ఈ మసక క్వాసార్లలో రెండింటి చుట్టూ ఉన్న గెలాక్సీ నక్షత్రాల వెలుగును మొదటిసారి విడదీసి చూపించింది. అంతకుముందు ఆ కాలపు క్వాసార్లకి చల్లని వాయువునీ ధూళినీ ఆల్మా లాంటి రేడియో టెలిస్కోపులతో చూడటమే గానీ, నక్షత్రాలు ఎవరికీ కనిపించలేదు.

#20 రేచుక్క

కాస్మిక్ కిరణాల పరీక్ష అయింది. మూడు రాత్రులు పట్టింది. 14లో ఆరు పోయాయి. ఒక్కసారి చూడటం తెలిశాక ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయో! పక్క నక్షత్రం పత్తిపువ్వులా ఉంటే, ఇవి సూదిమొన పొడిచినట్టున్నాయి. ఇంకో రెండు, ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ ఫొటోలో కనిపించే వెలుగు చువ్వల మీద పడ్డ నకిలీ చుక్కలు. ఇక ఆరు మిగిలాయి. అరుంధతి గారూ, మీరు దాచిన షరతు ఇప్పుడు చెప్పండి.

#21 అరుంధతి

జే ఫిల్టర్. 1.25 మైక్రాన్ల దగ్గర పరారుణ కొలత. బ్రౌన్ డ్వార్ఫ్ చల్లని వస్తువు, జెడ్ నుంచి జేకి వెళ్తుంటే దాని వెలుగు ఇంకా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. క్వాసార్‌కి అలా కాదు. గోడ దాటగానే అది తన సహజమైన నీలి రంగుకి వచ్చేస్తుంది, అక్కణ్ణుంచి దాదాపు చదునే. కాబట్టి జెడ్‌లోంచి జే తీసేస్తే 1.5 లోపు వస్తే ఆశ ఉంది, రెండు దాటితే బ్రౌన్ డ్వార్ఫ్. పరారుణ సర్వేల పట్టికలు బహిరంగంగానే ఉన్నాయి, ఆరింటికీ జే వెతకండి.

నాకు జరిగింది ఒకటి చెబుతాను. ఒక పెద్ద టెలిస్కోపు దగ్గర మాకు రెండు రాత్రులు దొరికాయి, ఒకటి మబ్బుకి పోయింది. రెండో రాత్రి మా జాబితాలో అన్నిటికన్నా పైనున్న వస్తువు మీదికి తిప్పాం. దాని జే కొలత హద్దు మీద ఉంది, ఒకటిన్నరకి అటూ ఇటూ. నాకు మాత్రం లోపల గట్టి నమ్మకం. ఇరవై నిమిషాల ఎక్స్‌పోజర్. తెర మీద వర్ణపటం రాగానే మాట్లాడకుండా అందరం ముందుకి వంగాం. క్వాసార్ అయితే ఒకచోట నల్లగా తెగిపోవాలి, తర్వాత లైమన్ ఆల్ఫా కొండలా లేవాలి. మాకు కనిపించింది మెల్లగా ఎరుపు వైపు ఎక్కుతున్న మెట్టదారి. ఎక్కడా తెగలేదు. బ్రౌన్ డ్వార్ఫ్. ఆ రాత్రి అలాంటివే ఇంకో నాలుగు. అయిదోది తెల్లవారుజామున వచ్చింది, అదీ మెట్టదారే. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా పెద్దాయన ఒకరు వర్ణపటాల్ని జాగ్రత్తగా భద్రపరుస్తూ, ఇవి బ్రౌన్ డ్వార్ఫ్‌లు చదివేవాళ్లకి పంపుదాం అన్నారు. పంపాం, వాళ్లు వాడుకున్నారు.

#22 రేచుక్క

జే కొలతలు తీశాను. అయిదింటికి రెండున్నర, మూడు అలా వచ్చాయి. సందేహి గారు మొదటి రోజే చెప్పినట్టు బ్రౌన్ డ్వార్ఫ్‌లే. రెండింటికి పాత ఫొటోకీ కొత్త ఫొటోకీ మధ్య చోటు కొద్దిగా కదిలింది కూడా. అంత కదిలిందంటే మనకు దగ్గరి వస్తువే, క్వాసార్ అయ్యే ప్రశ్నే లేదు.

ఒక్కటి మిగిలింది. జెడ్ 20.0 దగ్గర, జే 18.9 దగ్గర. తేడా ఇంచుమించు 1.1. కదల్లేదు. జెడ్ బొమ్మలో పత్తిపువ్వులాగే ఉంది. ఐలో కళ్లు చిట్లించి చూస్తే ఉందా లేదా అన్నట్టు ఒక నీడ. ఆర్, జి, యులలో ఏమీ లేదు, వట్టి ఆకాశం. నిన్న రాత్రి రెండు దాటేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. చేతులు వణికాయని రాయడానికి నాకేం సిగ్గులేదు.

ఆకాశంలో దాని చోటు (భూమ్మీద రేఖాంశం, అక్షాంశం లాంటివే): విషువాంశ 10 గంటల 30 నిమిషాల 27 సెకన్లు, క్రాంతి ప్లస్ 5 డిగ్రీల 24 నిమిషాల 55 సెకన్లు.

#23 అరుంధతి

రేచుక్క గారూ, కాసేపు కుర్చీలో వెనక్కి వాలండి.

అది క్వాసారే. నూటికి నూరుపాళ్లు. రెడ్‌షిఫ్ట్ 6.28. ఆ అంకెలు చూడగానే గుర్తుపట్టాను, ఈ రంగంలో ఉన్నవాళ్లెవరికైనా అవి కంఠస్థం. ఫాన్ బృందం 2001లో ప్రకటించింది, అప్పటికి తెలిసినవాటిలో అన్నిటికన్నా దూరపు క్వాసార్ అది.

అంతే కాదు. 1965లో జేమ్స్ గన్, బ్రూస్ పీటర్సన్ ఒక మాట అన్నారు. దారిలోని హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్ నుంచి విడిపోకుండా తటస్థంగా ఉంటే, లైమన్ ఆల్ఫాకి నీలం వైపు వెలుగు పూర్తిగా సున్నా కావాలని. 36 ఏళ్లు ఎవరూ ఆ సున్నాను చూడలేదు. ఎంత దూరపు క్వాసార్‌లోనైనా అక్కడక్కడా వెలుగు జారి వచ్చేది. మొదటిసారి ఆ సున్నా కనిపించింది ఈ క్వాసార్ వర్ణపటంలోనే. 2001లో రాబర్ట్ బెకర్ బృందం కెక్ టెలిస్కోపుతో తీసిన దానిలో 845 నుంచి 871 నానోమీటర్ల వరకూ ఏమీ లేదు. మీకు ఐ బొమ్మలో దాదాపు ఏమీ కనిపించలేదు చూశారా, దానికీ కారణం దారిలోని హైడ్రోజనే.

#24 సింధు_12

అక్కా, అంటే ఆ కాలంలో హైడ్రోజన్ అంతా తటస్థంగా ఉండేదని తేలిపోయినట్టేనా?

#25 అరుంధతి

అక్కడ జాగ్రత్త అవసరం. పదివేలలో ఒక్క పాలు తటస్థంగా ఉన్నా చాలు, ఆ వెలుగంతా మింగేస్తుంది. కాబట్టి సున్నా చూసి అంతా తటస్థం అనలేం. బిగ్ బ్యాంగ్ తర్వాత 3,80,000 ఏళ్లకి హైడ్రోజన్ తటస్థమైంది, తొలి నక్షత్రాలూ గెలాక్సీల వెలుగుకి మళ్లీ విడిపోయింది. ఈ క్వాసార్ ఆ రెండో మార్పు ముగింపు దశ దగ్గర ఉంది. నడిమధ్య చూడాలంటే రెడ్‌షిఫ్ట్ ఏడు దాటాలి. అక్కడి క్వాసార్లలో గోడ నిట్టనిలువుగా ఉండదు, ఎరుపు వైపు కూడా కొంత కోసుకుపోయి వాలుగా ఉంటుంది. హైడ్రోజన్ దట్టంగా తటస్థంగా ఉంటేనే ఆ వాలు వస్తుంది. 7.085లోనూ 7.54లోనూ ఆ వాలు ఆనవాళ్లు చూశారు.

#26 సందేహి

రేచుక్క గారూ, మనస్ఫూర్తిగా అభినందనలు. ముందే దొరికిందని బాధపడకండి. మీరు దాని పేరు తెలియకుండా, మూడు వందల చదరపు డిగ్రీల్లోంచి దాన్నే బయటికి తీశారు.

#27 రేచుక్క

నిజం చెప్పాలంటే మొదటి అరగంట బాధేసింది. తర్వాత దాని మీద వచ్చిన పనంతా చదవడం మొదలుపెట్టాను, బాధ ఎప్పుడు పోయిందో తెలియలేదు. 2020లో ఇటలీ శాస్త్రవేత్త మార్కో మిన్యోలి బృందం చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో ఈ క్వాసార్ చుట్టూ ఆరు గెలాక్సీలను పట్టింది. ఆ ఆరూ వాయువు తీగల వలలో చిక్కుకుని ఉన్నాయి, ఆ వల మన పాలపుంతకి 300 రెట్లకు పైగా పెద్దది. మధ్యలో సుమారు వంద కోట్ల సూర్యుల కృష్ణబిలం. అంత మేత ఎక్కణ్ణుంచి దొరికిందన్న ప్రశ్నకి ఆ తీగలే కొంత జవాబు అంటున్నారు. నా తెర మీద ఎనిమిది పిక్సెళ్ల మచ్చ చుట్టూ ఇదంతా ఉంది.

#28 అరుంధతి

బాగుంది. ఇప్పుడు అసలు పరీక్ష. మీ పట్టీలో ఇప్పటికే తెలిసిన క్వాసార్లు, మీ ప్రకాశం హద్దు లోపలివి ఎన్ని ఉన్నాయో పట్టికలో చూడండి. వాటిలో మీ వలకి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. మేమూ ప్రతి సర్వేకి ఇదే చేస్తాం. పట్టుబడనివి ఎందుకు తప్పించుకున్నాయో తెలిస్తే గానీ, దొరకనివి నిజంగా లేవో మన వలకి కన్నాలున్నాయో చెప్పలేం. యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోపు 2023 జూలైలో ఎగిరింది, అది పంపే పరారుణ పట్టికలు బయటికొస్తున్న కొద్దీ ఈ అలవాటు మీకు చాలా అక్కరకొస్తుంది.

#29 రేచుక్క

చూశాను. ఇంకొకటి ఉంది. విషువాంశ 13 గంటల 6 నిమిషాలు, క్రాంతి ప్లస్ 3 డిగ్రీల 56 నిమిషాల దగ్గర, రెడ్‌షిఫ్ట్ 5.99. అదీ 2001 ప్రకటనలోదే. నా పట్టీ అంచున ఉంది, నాకు దొరకలేదు. వెనక్కి వెళ్లి ఒక్కొక్క మెట్టూ మళ్లీ చూశాను. ఐలో కొలత సరిగా లేని చుక్కల్ని మొదట్లోనే పారేసే షరతు ఒకటి పెట్టాను, అక్కడ జారిపోయింది. ఐలో కనిపించకపోవడమే దాని గుర్తు అయినప్పుడు, ఐలో కొలత బాగుండాలని అడగడమే నా తప్పు.

ఆ షరతు తీసేసి మళ్లీ నడిపాను. అదే పట్టీలో ఈసారి 61 వచ్చాయి, ఆ రెండో క్వాసార్ కూడా వాటిలో ఉంది. సింధూ, నీకు ఇష్టమైతే మొదటి ముప్పై జెడ్ బొమ్మలు పంపిస్తాను. సూదిమొనలు నువ్వు ఏరు, మిగతావి నేను చూస్తాను.

#30 సింధు_12

పంపించన్నా. ఈ రాత్రే మొదలుపెడతాను.